బొంబాయి – లండన్: వారం రోజుల దారి పది గంటల దారి అయిన కథ



ఈ పాఠాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ముంబయి నుంచి లండన్‌కి ఆకాశమార్గాన దూరం సుమారు 7,200 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. మరి ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది? దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని ఏడో తరగతిలోనే నేర్చుకున్నారు కాబట్టి, ఎనిమిది గంటలని మీరు వెంటనే చెప్పేస్తారు. కాని విమానాల టైంటేబుల్ తీసి చూడండి. వెళ్లేటప్పుడు తొమ్మిదిన్నర నుంచి పది గంటలు, తిరిగి వచ్చేటప్పుడు సుమారు తొమ్మిది గంటలు అని ఉంటుంది. మన లెక్క తప్పలేదు. లెక్కలోకి రానివి కొన్ని ఉన్నాయి.

ఇదే లెక్కను 1929వ సంవత్సరానికి వేద్దాం. ఆ ఏడాది మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిష్ సంస్థ లండన్ నుంచి కరాచీకి వారానికోసారి నడిచే విమాన సర్వీసును ప్రారంభించింది. వాళ్లు ఎంచుకున్న దారి పొడవు 5,000 మైళ్లు, అంటే సుమారు 8,000 కిలోమీటర్లు. ఎడారి మీద నడిచిన హెర్క్యులస్ విమానం వేగం గంటకు 170 కిలోమీటర్లకు కాస్త పైన. భాగించి చూస్తే 47 గంటలు, అంటే రెండు రోజులు. కాని ప్రయాణానికి పట్టింది ఏడు రోజులు! ఏడు రోజులంటే 168 గంటలు. 8,000ను 168తో భాగిస్తే గంటకు 48 కిలోమీటర్లు కూడా రాదు. ఆకాశంలో ఎగిరే యంత్రానికి మన ప్యాసింజరు రైలు సగటు వచ్చిందన్నమాట.

మిగిలిన ఆ ఐదు రోజులు ఎక్కడికి పోయాయి? ఈ పాఠం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. విమానాల చరిత్ర అనగానే మనం ఇంజన్ల గురించి, వేగం గురించి చదువుతాం. రెండు దూరపు నగరాల మధ్య ప్రయాణకాలం తగ్గడంలో వేగం పాత్ర ఉంది గానీ, సగం కథ మాత్రం నేల మీదే జరిగింది.

ముందుగా ఒక గ్లోబు, ఒక మూర దారం తీసుకోండి. మీ పాఠశాల ప్రయోగశాలలో గ్లోబు తప్పక ఉంటుంది, దుమ్ము దులిపితే చాలు. దారం ఒక కొసను ముంబయి మీద, రెండో కొసను లండన్ మీద పెట్టి బిగించి లాగండి. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ఇదే. దీన్ని మహావృత్త మార్గం అంటాం. దారం ఏయే దేశాల మీదుగా పోతోందో రాసుకోండి. అరేబియా సముద్రం మూల దాటగానే పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్, తరువాత ఇరాన్, కాస్పియన్ సముద్రపు దక్షిణపు ఒడ్డు, కాకసస్ కొండలు, నల్ల సముద్రం, మాల్డోవా, చెక్ దేశం, జర్మనీ, ఆపైన లండన్. ఇప్పుడు గోడ మీది బల్లపరుపు పటంలో స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత దక్షిణ ఇరాన్, ఇరాక్, టర్కీల మీదుగా పోతుంది. చూడడానికి అదే తిన్నగా ఉంటుంది, కాని నిజానికి సుమారు 200 కిలోమీటర్లు ఎక్కువ. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి దింపినప్పుడు వచ్చే చిక్కు ఇది. దారాన్ని అలాగే ఉంచండి, దానితో మళ్లీ పని ఉంది.

విమానాలకు ముందు సంగతి క్లుప్తంగా చూద్దాం. 1869లో సూయజ్ కాలువ తెరిచేదాకా ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి నెలల తరబడి ప్రయాణం చేసేవి. కాలువ తెరిచాక, ఆవిరి ఓడలు మెరుగుపడుతున్న కొద్దీ అది వారాల్లోకి దిగింది. గాంధీజీ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి రాజ్‌పుతానా ఓడలో 1931 ఆగస్టు 29న బొంబాయిలో బయలుదేరి, మార్సేల్స్ రేవులో దిగి, సెప్టెంబరు 12న లండన్ చేరారు. అంటే రెండు వారాలు. ఆనాటికి అది మంచి వేగం కిందే లెక్క.

ఇక 1929కి వద్దాం. లండన్‌లోని క్రోయ్‌డన్ విమానాశ్రయంలో ఎక్కిన ప్రయాణికుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దిగేవాడు. అక్కడినుంచి ఇటలీలోని జెనోవా రేవు దాకా రైలు! విమానం టిక్కెట్టు కొన్నవాణ్ణి రైలెందుకు ఎక్కించారని మీరు అడగవచ్చు. మధ్యలో ఆల్ప్స్ పర్వతాలున్నాయి, వాటిని భద్రంగా దాటగల విమానాలు అప్పటికి లేవు. దానికి తోడు, తమ గగనతలంలోకి బ్రిటిష్ విమానాలు రావడం గురించి ఇటలీ ప్రభుత్వానికి అభ్యంతరాలు ఉండేవి. జెనోవా నుంచి మధ్యధరా సముద్రం మీదుగా ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వరకు నీటి మీద వాలే విమానం. అక్కడినుంచి మూడు ఇంజన్ల హెర్క్యులస్. గాజా, ఎడారి నడుమ రుత్బా, బాగ్దాద్, బస్రా, పర్షియా తీరాన బుషెహర్, లింగే, జాస్క్, తరువాత గ్వాదర్, చివరికి కరాచీ. మొత్తం ఛార్జీ 130 పౌండ్లు. అది సామాన్యుడి ఊహకు కూడా అందని మొత్తం. కాబట్టి ఆ విమానాలను నిజంగా పోషించింది ప్రయాణికులు కాదు, ఉత్తరాల సంచులు.

ఎడారి మీద దారి ఎలా తెలిసేది? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. 1921లో బ్రిటిష్ వైమానిక దళం వాళ్లు అమ్మాన్ నుంచి బాగ్దాద్ వైపు ఎడారిలో వందల కిలోమీటర్ల పొడవున దారి గుర్తు వేశారు. నేల మీద వాహనాల చక్రాల జాడ, అది సరిగా కనిపించనిచోట నాగలితో దున్నిన చాలు. పైలట్ కిందికి చూస్తూ ఆ చాలును పట్టుకుని పోవాలి. మధ్యమధ్య విమానం దిగడానికి వీలైన చదును నేలల మీద పెద్ద గుర్తులు ఉండేవి. మన రైతు పొలంలో చాలు తీసినట్టే, ఆకాశంలో దారికి భూమి మీద చాలు తీశారన్నమాట.

ఇప్పుడు ఐదు రోజుల లెక్క తేలుతుంది. చాలును చూస్తూ పోవాలంటే వెలుతురు ఉండాలి, కనక రాత్రిళ్లు ప్రయాణం లేదు. సాయంత్రమయ్యేసరికి ఎక్కడో ఒకచోట దిగి, బసలో పడుకుని, తెల్లవారుజామున మళ్లీ ఎక్కాలి. ఇంధనం కొన్ని వందల కిలోమీటర్లకే సరిపోయేది, కనక పగలు కూడా మూడు నాలుగు చోట్ల ఆగాలి. రైలు ప్రయాణం ఒకటి. వాతావరణం బాగుండకపోతే ఎదురుచూపు. వీటన్నిటికీ పైన దారి వంపు. మన దారంతో కొలిస్తే లండన్ నుంచి కరాచీకి సుమారు 6,300 కిలోమీటర్లే. వాళ్లు ప్రయాణం చేసింది 8,000. అంటే దాదాపు 1,700 కిలోమీటర్లు చుట్టు. ఆ చుట్టు తిరగడానికి భూగోళం ఒక్కటే కారణం కాదు, రాజకీయం కూడా ఉంది. దగ్గరి దారిలో సోవియట్ నేల ఉంది. అందుకే వాళ్లు తమ పలుకుబడి చెల్లే ఈజిప్టు, పాలస్తీనా, ఇరాక్‌ల మీదుగా దారి వేసుకున్నారు.

అంత జాగ్రత్తపడినా పర్షియా దగ్గర చిక్కుపడ్డారు. నిజానికి కైరో – బస్రా భాగం 1927 జనవరిలోనే మొదలైంది. బస్రా నుంచి కరాచీకి సాగనివ్వడానికి పర్షియా ప్రభుత్వం రెండేళ్లకు పైగా ఒప్పుకోలేదు. 1929లో మూడేళ్లకు అనుమతి ఇచ్చింది. గడువు తీరాక, 1932లో విమానాలు సింధుశాఖకు అవతలి ఒడ్డుకు, అంటే కువైట్, బహ్రెయిన్, షార్జాల మీదుగా మారాయి. షార్జాలో ప్రయాణికుల కోసం కోటలాంటి బసను కట్టారు. ఈరోజు మనవాళ్లు లక్షల సంఖ్యలో వెళ్లి దిగుతున్న ఆ గల్ఫ్ తీరానికి మొదటిసారి క్రమం తప్పని విమాన సర్వీసు వచ్చింది ఈ తగాదా పుణ్యమే.

ఆ రోజుల్లో మనవాళ్లు ఏం చేస్తున్నారు? 1930లో ఆగాఖాన్ పందెం జరిగింది. ఇంగ్లండ్ – ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు. గడువు ఎంతో తెలుసా? ఒక నెల! పది గంటల దారికి నెల రోజుల గడువిచ్చి, దాన్ని సాహసమన్నారు. నిజంగా సాహసమే. బరిలో దిగినవారిలో పదిహేడేళ్ల ఆస్పీ ఇంజినీర్ ఇంగ్లండ్ నుంచి ఇటు బయలుదేరాడు. జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అటు బయలుదేరారు. ఈజిప్టులోని అబూకిర్ దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. ఆస్పీ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులు కరువై ఆగిపోయి ఉన్నాడు. టాటా తన దగ్గరున్న ప్లగ్గులు ఇచ్చారు. ఆస్పీ పందెం గెలిచాడు, టాటా కొద్ది గంటల తేడాతో ఓడిపోయారు. ఆ కుర్రవాడే 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

రెండేళ్ల తరువాత, 1932 అక్టోబరు 15న, లండన్ విమానం కరాచీలో దింపిన ఉత్తరాలను టాటా ఒక చిన్న పస్ మాత్ విమానంలో వేసుకుని అహ్మదాబాద్ మీదుగా బొంబాయి తెచ్చారు. అహ్మదాబాదులో ఇంధనం డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయి. బొంబాయిలో దిగింది జుహూ ఇసుకమేట మీద. వానాకాలంలో అది నీట మునిగేది, అప్పుడు విమానాలను పూనాకు మార్చేవారు. బొంబాయి నుంచి ఆ సంచులను నెవిల్ వింట్‌సెంట్ అనే పైలట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. రాత్రి బళ్లారిలో ఆగి మర్నాడు మద్రాసు చేరడం చూస్తే, ఇక్కడ కూడా చీకటిదే పెత్తనమని తెలుస్తుంది. తరువాతి సంవత్సరాల్లో బళ్లారికి బదులు ఆ దారి హైదరాబాదు మీదుగా మారింది. మద్రాసులో ఒక వ్యాపారికి లండన్ ఉత్తరం ఓడ మీద కంటే రోజుల ముందు అందడం అప్పుడు మొదలైంది. సరుకు ధర కొన్ని రోజుల ముందు తెలిస్తే ఎంత లాభమో వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర లేదు.

1938 నాటికి పరిస్థితి బాగా మారింది. గంటకు 260 కిలోమీటర్ల వేగంతో పోయే పెద్ద నీటి విమానాలు వచ్చాయి. వీటికి రన్‌వే అక్కరలేదు, నీళ్లుంటే చాలు. రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ చెరువు, గ్వాలియర్ దగ్గరి జలాశయం, అలహాబాద్ దగ్గర నది, ఇవన్నీ విమానాశ్రయాలయ్యాయి. బ్రిటన్‌లో అరఔన్సు ఉత్తరానికి ఒకటిన్నర పెన్నీ స్టాంపు అంటిస్తే చాలు, అదనపు రుసుము లేకుండా విమానంలోనే వచ్చేది. కరాచీ మూడు రోజుల దూరానికి దగ్గరపడింది.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే మధ్యధరా సముద్రం మూసుకుపోయింది. లండన్ ఉత్తరం ఓడలో ఆఫ్రికా కొస దాకా వెళ్లి, డర్బన్‌లో నీటి విమానం ఎక్కి, తూర్పు ఆఫ్రికా మీదుగా కైరోకి, అక్కడినుంచి కరాచీకి, కలకత్తాకి వచ్చేది. పటంలో చూస్తే ఆ దారి గుర్రపు నాడాలా ఉంటుంది, పేరు కూడా అదే పెట్టారు. విమానాలు అవే, వేగమూ అదే. మూడు రోజుల దారి మళ్లీ వారాల దారి అయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, పాఠం చివర ఇలాంటిదే మళ్లీ వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948 జూన్ 8న, ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరి, కైరోలోను, జెనీవాలోను ఆగి, 10వ తేదీన లండన్ చేరింది. అది లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ రకం విమానం, వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఛార్జీ 1,720 రూపాయలు. కాని నా దృష్టిలో అసలు విశేషం వేగం కాదు. బొంబాయి నుంచి కైరోకి 4,300 కిలోమీటర్లకు పైగా ఉంది. దాన్ని ఆ విమానం మధ్యలో దిగకుండా దాటేసింది. 1929లో అదే దారిలో గ్వాదర్, జాస్క్, లింగే, బుషెహర్, బస్రా, బాగ్దాద్, రుత్బా, గాజా అని ఎన్నిచోట్ల దిగారో వెనక్కి వెళ్లి లెక్కపెట్టండి. ఇంకొకటి, ఆ విమానం లోపలి గాలికి పీడనం కల్పించే ఏర్పాటు ఉండేది. అందువల్ల మబ్బులకు పైన ఎగరగలిగేది. రేడియో సాయంతో రాత్రిళ్లు కూడా ప్రయాణం చేసేది. ఎడారిలో చాలు అవసరం తీరిపోయింది.

అయితే ఆల్ప్స్ పర్వతాల భయం తీరలేదు. 1950 నవంబరు 3న అదే మలబార్ ప్రిన్సెస్ జెనీవాలో దిగబోతూ మౌంట్ బ్లాంక్ శిఖరానికి గుద్దుకుంది. అందులోని 48 మందీ చనిపోయారు. 1966 జనవరి 24న అదే పర్వతం మీద ‘కాంచన్‌జంగ’ అనే బోయింగ్ విమానం కూలి, మన అణుశాస్త్రవేత్త హోమీ భాభాతో సహా 117 మందిని కోల్పోయాం. కాలం తగ్గించుకున్న చరిత్రలో ఈ పేర్లు కూడా ఉన్నాయి.

1960లో ఎయిర్ ఇండియాకు బోయింగ్ 707 జెట్ విమానాలు వచ్చాయి. వేగం ఒక్కసారిగా గంటకు 900 కిలోమీటర్లకు చేరింది. ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉంది, గమనించారా? పాఠం మొదట్లో నేను చెప్పిన నేటి విమానం వేగం కూడా 900 కిలోమీటర్లే. అరవై ఏళ్లకు పైగా ప్రయాణికుల విమానాల వేగం దాదాపు అక్కడే ఆగిపోయింది. ధ్వని వేగానికి దగ్గరపడిన కొద్దీ గాలి నిరోధం విపరీతంగా పెరుగుతుంది, ఇంధనం ఖర్చు దానికి తగ్గట్టే పెరుగుతుంది. ధ్వనిని మించిపోయిన కాన్‌కార్డ్ 1976 నుంచి ప్రయాణికులతో ఎగిరింది గాని, ఖర్చు భరించలేక 2003లో ఆగిపోయింది. 707 వచ్చాక కూడా లండన్ విమానాలు కైరో, బేరూట్, రోమ్, జెనీవా, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట్ల ఆగుతూనే వెళ్లేవి. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోగల ఇంజన్లు వచ్చాక ఆ మజిలీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. జెట్ యుగంలో కాలం తగ్గింది విమానం పరుగు పెరిగినందువల్ల కాదు, ఆగడం తగ్గినందువల్ల.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. 1984 వేసవిలో మా తాతయ్య పోయారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా పెద్ద మామయ్య లండన్‌లో డాక్టరు. పక్క ఊరి పోస్టాఫీసు నుంచి ఫోను దొరికేసరికి మధ్యాహ్నమైంది. లండన్ – బొంబాయి మధ్య విమానం ప్రయాణం సగం రోజే. కాని ఆయనకు సీటు దొరికింది మర్నాడు. బొంబాయిలో దిగేసరికి హైదరాబాదు విమానం వెళ్లిపోయింది, ఇంకో పూట విమానాశ్రయంలోనే గడిచింది. హైదరాబాదు నుంచి బస్సు, టౌను నుంచి మా ఊరికి రిక్షా. ఆయన గుమ్మంలోకి వచ్చింది మూడో రోజు, చిన్నదినం నాడు. పెద్దకొడుకు పెట్టాల్సిన తలకొరివి మొదటిరోజే చిన్న మామయ్య పెట్టేశాడు. ఎండాకాలం, పల్లెటూరు, ఐసు పెట్టెలు లేవు. మరి ఆగడం కుదరదు కదా. ‘విమానంలో పదిగంటలే కదరా’ అని ఆయన ఆ తరువాత కూడా చాలాసార్లు అనేవాడు. దూరాన్ని వేగంతో భాగించే సూత్రం నేను పిల్లలకు చెప్పేటప్పుడల్లా నాకు ఆ రిక్షా గుర్తొస్తుంది.

ఇక మొదటి లెక్కలో మిగిలిపోయిన చిక్కు చూద్దాం. వెళ్లడానికి, రావడానికి తేడా ఎందుకు? చాలామంది విద్యార్థులు భూమి తిరగడం వల్ల అంటారు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కనక, పడమటికి పోయే విమానానికి లండన్ తనంతట తానే ఎదురు రావాలి కదా అని కూడా వాదిస్తారు. అది నిజమైతే పడమటి ప్రయాణమే తొందరగా అవ్వాలి. జరుగుతున్నది దానికి తలకిందులు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది, విమానం ఆ గాలిలో ఉంది. నడిచే రైలులో మీరు బంతిని పైకి విసిరితే అది మీ చేతిలోకే వస్తుంది, వెనక పెట్టెలో పడదు. ఇదీ అంతే.

అసలు కారణం గాలులు. సుమారు పది కిలోమీటర్ల ఎత్తులో, సమశీతోష్ణ మండలాల్లో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు నదిలా ప్రవహిస్తాయి. వీటిని జెట్ స్ట్రీమ్స్ అంటాం. వేగం గంటకు నూరు, ఒక్కొక్కసారి రెండు వందల కిలోమీటర్లు కూడా దాటుతుంది. భూమధ్యరేఖ దగ్గరి వేడికి, ధ్రువాల చలికి ఉన్న తేడా వల్ల కదిలే గాలి, భూభ్రమణం వల్ల పక్కకు మళ్లడంతో ఇవి ఏర్పడతాయి. కాబట్టి భూభ్రమణం పాత్ర బొత్తిగా లేదనలేం, మనం అనుకున్న పద్ధతిలో మాత్రం లేదు. జపాన్‌లో వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త 1920లలో బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచాడు. తన పరిశోధనను ప్రపంచమంతా చదవాలని, అందరి భాష కావాలని కొందరు కల్పించిన ఎస్పెరాంటోలో 1926లో అచ్చువేశాడు. ఆ భాష చదివేవాళ్లే తక్కువ కావడంతో అది పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు! రెండో ప్రపంచయుద్ధంలో చాలా ఎత్తున ఎగిరిన బాంబర్ల పైలట్లు ఎదురుగాలికి నిలిచిపోయాకగాని లోకానికి ఈ గాలుల సంగతి బాగా తెలియలేదు.

ఈ గాలితో చిన్న లెక్క చేయండి. దారి పొడవునా సగటున గంటకు 50 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. వెళ్లేటప్పుడు వేగం 850, కనక 7,200 కిలోమీటర్లకు 8 గంటల 28 నిమిషాలు. వచ్చేటప్పుడు 950, కనక 7 గంటల 35 నిమిషాలు. రెండూ కలిపితే 16 గంటల 3 నిమిషాలు. గాలి లేకపోతే సరిగ్గా 16 గంటలు. పోయిన కాలాన్ని గాలి పూర్తిగా తిరిగి ఇవ్వదు. ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం, అనుకూలమైన గాలిలో తక్కువసేపు ఉంటాం కదా. దీనికి నేల మీద పాకడం, పైకి లేవడం, దిగడానికి వరసలో తిరగడం, దారిలోని వంపులు కలిపితే టైంటేబుల్‌లోని అంకె వస్తుంది. టైంటేబుల్‌లో మరో మోసం కూడా ఉంది. ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారం అచ్చువేస్తారు. చలికాలంలో మధ్యాహ్నం 1 గంటకు ముంబయిలో ఎక్కి సాయంత్రం 5.30కి లండన్‌లో దిగారనుకోండి, ప్రయాణం నాలుగున్నర గంటలు కాదు. రెండు గడియారాల మధ్య తేడా ఐదున్నర గంటలు కలపాలి, అప్పుడు పది గంటలవుతుంది. వేసవిలో లండన్ వాళ్లు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు నాలుగున్నర కలిపితే చాలు.

ఇప్పుడు గ్లోబు మీది దారం దగ్గరికి మళ్లీ వద్దాం. 1990ల తరువాత, సోవియట్ యూనియన్ విడిపోయాక, ఆ దారానికి బాగా దగ్గరగా ఎగరడం మొదటిసారి వీలైంది. మజిలీలు పోయాయి, చీకటి భయం పోయింది, దారి కూడా తిన్ననైంది. ఇక మిగిలింది గాలి ఒక్కటే అనుకున్నారు.

దారం మీద వేలు పెట్టి ఒక్కొక్క ఊరే జరపండి. 2019 ఫిబ్రవరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ గగనతలం మనకు దాదాపు మూసుకుపోయింది. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ మీద దండెత్తాక నల్ల సముద్రం ఉత్తరభాగం, ఉక్రెయిన్ ఆకాశం ప్రయాణికుల విమానాలకు లేకుండాపోయాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మళ్లీ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసింది. కొద్ది రోజులకు మన దేశమూ పాకిస్తాన్ విమానాలకు మూసింది. ఉత్తర భారతం నుంచి పడమటికి పోయే మన విమానాలు దక్షిణానికి దిగి, అరేబియా సముద్రం చుట్టి వెళ్లవలసి వచ్చింది. చుట్టు పెరిగితే ఇంధనం ఎక్కువ వేసుకోవాలి, ఇంధనం బరువు పెరిగితే మనుషులనో సామానునో తగ్గించాలి, లేదా మధ్యలో ఎక్కడైనా దిగాలి. అమెరికాకు ఆగకుండా పోవలసిన కొన్ని విమానాలు వియన్నాలోను, కోపెన్‌హేగన్‌లోను దిగి ఇంధనం పోసుకున్నాయి. 1948లో మలబార్ ప్రిన్సెస్ జెనీవాలో ఆగినట్టే.

ఆ ఏడాదే జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. కొద్ది గంటల్లో ఇరాన్, ఇరాక్, జోర్డాన్‌ల ఆకాశాలు మూసుకున్నాయి. ఆ తెల్లవారుజామున ముంబయిలో లండన్‌కి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఒకటి అప్పటికే దారిలో ఉంది. ఇంజన్లకు లోపం లేదు, ఇంధనం నిండుగా ఉంది, కాని ముందున్న దారి లేదు. సుమారు మూడు గంటలు గాలిలో తిరిగి అది మళ్లీ ముంబయిలోనే దిగింది.

అభ్యాసంగా ఒక పని చేయండి. దారాన్ని ఇప్పుడు హైదరాబాదు నుంచి షికాగోకు బిగించండి. అది ఉత్తర ధ్రువానికి ఎంత దగ్గరగా పోతుందో, ఏయే దేశాల మీదుగా పోతుందో రాసుకుని, వాటిలో ఏ ఒక్క దేశమైనా తన ఆకాశాన్ని మూస్తే దారి ఎటు మళ్లించాలో, ఎన్ని కిలోమీటర్లు పెరుగుతాయో దారంతోనే కొలిచి చూడండి.